66 జాగ్వార్ ఈ-టైపా, 91 ఎన్‌ఎస్‌ఎక్సా? డబ్బు ఒక్కదానికే ఉన్నప్పుడు

మీరు అడిగింది ఇది: డాలస్‌లో ఉంటున్నారు, ఇద్దరు చిన్న పిల్లలు, ఇంటికి రెండు కార్లు పట్టే గ్యారేజి ఉంది. ఏళ్లుగా పక్కన పెట్టుకున్న డబ్బుతో ఒక పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకుంటున్నారు. చూసి వచ్చినవి రెండు. ఒకటి 1966 జాగ్వార్ ఈ-టైప్, మొదటి సిరీస్, 4.2 లీటర్ల కూపే, అంటే కప్పున్న రెండు తలుపుల కారు. రెండోది 1991 అక్యూరా ఎన్‌ఎస్‌ఎక్స్, ఐదు గేర్ల మాన్యువల్. అక్యూరా అంటే అమెరికాలో హోండా వాడే బ్రాండు పేరు. ఇద్దరు అమ్మకందార్లూ చెబుతున్న ధరల మధ్య పెద్ద తేడా లేదు. స్పానర్ పట్టడం నేర్చుకోవాలని ఉంది కానీ ఇంతవరకు పట్టలేదు. ఏది గొప్ప కారు, ఏది కొనాలి అని అడిగారు.

కొనాల్సింది ఎన్‌ఎస్‌ఎక్స్. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడి నుంచి నేను జాగ్వార్‌నే ఎక్కువ పొగిడే ప్రమాదం ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ల ఎస్‌యూ అనే బ్రిటిష్ రకం కార్బురేటర్లు విప్పి పని నేర్చుకున్నవాణ్ణి. తర్వాత చాలా ఏళ్లు అమెరికాలో పాత బ్రిటిష్ కార్లు బాగుచేసే షెడ్డులో గడిపాను. నా మొగ్గు ఎటో మీకు తెలిసి ఉండటం మంచిది.

ఈ-టైప్‌ను 1961 మార్చిలో జెనీవాలో లోకానికి చూపించారు. పత్రికలవాళ్లను ఎక్కించి తిప్పడానికి అక్కడున్న కూపే ఒక్కటే చాలకపోవడంతో, జాగ్వార్ అధిపతి సర్ విలియం లయన్స్ ఇంగ్లండుకు కబురు పెట్టి రెండో కారు తెప్పించమన్నారు. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ జాగ్వార్ ఫ్యాక్టరీ ఉన్న కొవెంట్రీలో బయలుదేరి, ఓడ మీద చానెల్ దాటి, రాత్రంతా ఫ్రాన్స్ రోడ్ల మీద నడిపి, 77 ఆర్‌డబ్ల్యు అనే నంబరున్న ఓపెన్ కారును పొద్దుటికల్లా జెనీవా చేర్చారు. చేరగానే నిద్రపోనివ్వకుండా ఆయన్నే పత్రికలవాళ్లను తిప్పమన్నారు. కొత్త మోడల్ ప్రయోగపు కారును అలా రాత్రికి రాత్రి దేశాలు దాటించే ధైర్యం ఆ కంపెనీది. ధర పన్నుతో కలిపి సుమారు 2,100 పౌండ్లు. అప్పటి ఆస్టన్ మార్టిన్ డీబీ4 ధర దానికి దాదాపు రెట్టింపు. గంటకు 150 మైళ్ల వేగం అని ప్రకటించారు. పత్రికలకు పరీక్షకు ఇచ్చిన ప్రత్యేకమైన కారు ఆ వేగం అందుకుంది. మామూలు కొనుగోలుదారుకు వచ్చిన కారు అంత వేగం అందుకునేది కాదు. అది వేరే సంగతి.

ప్రపంచంలోకెల్లా అందమైన కారు అని ఎంజో ఫెరారీ అన్నారని ప్రతి అమ్మకం ప్రకటనలోనూ రాస్తారు. మీ అమ్మకందారు కూడా రాసే ఉంటాడు. ఎప్పుడు, ఎవరితో అన్నారో చూపించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ కారుకు ఆ కితాబు అవసరమూ లేదు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 1996లో ఒక 1963 ఈ-టైప్‌ను తన సేకరణలో చేర్చుకుంది.

ఆ రూపం గీసిన మాల్కం సేయర్ విమానాల తయారీ నుంచి వచ్చిన మనిషి. తనను స్టైలిస్టు అంటే ఆయనకు నచ్చేది కాదు. గాలి ఎలా జారిపోవాలో లెక్కలు కట్టి ఆ వంపులు తేల్చారు. ఫ్రాన్స్‌లో ఇరవై నాలుగు గంటలు సాగే లీ మాన్స్ పందేన్ని 1955, 56, 57 సంవత్సరాల్లో వరసగా గెలిచిన జాగ్వార్ రేసు కారు డీ-టైప్ కూడా ఆయన గీసిందే. ఈ-టైప్ నిర్మాణం దాని నుంచే వచ్చింది: వెనకవైపు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన తొట్టి లాంటి బాడీ, దాని ముందు బోల్టులతో బిగించిన సన్నని ఉక్కు గొట్టాల ఫ్రేము, ఆ ఫ్రేములో ఇంజన్. బానెట్ అనేది మూత కాదు, కారు ముందు సగం మొత్తం ముందుకు తిరగబడి లేస్తుంది. దాన్ని ఎత్తి నిలబడితే ఇంజన్, సస్పెన్షన్, స్టీరింగ్ అన్నీ నడుము ఎత్తులో కళ్లెదురుగా ఉంటాయి. పని చేసేవాడికి ఇంతకంటే మర్యాద చేసిన కారు తక్కువ.

ఇంజన్ కథ ఇంకా వెనక్కి వెళ్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కొవెంట్రీ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, ఫ్యాక్టరీ కప్పుకు నిప్పంటుకోకుండా రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లు. లయన్స్, ఆయన ఇంజనీర్లు విలియం హేన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ కలిసి కాపలా కాస్తూ యుద్ధం అయిపోయాక కట్టాల్సిన ఇంజన్ గురించి మాట్లాడుకునేవారు. అదే ఎక్స్‌కే. ఆరు సిలిండర్లు, తల మీద వాల్వులను తెరిచే కడ్డీలు, అంటే కామ్‌షాఫ్టులు, రెండు. 1948లో ఎక్స్‌కే120తో బయటికొచ్చి, 1992లో డైమ్లర్ లిమోజిన్‌తో సెలవు తీసుకుంది. ఒక ఇంజన్ నలభై ఏళ్లకు పైగా ఉత్పత్తిలో ఉందంటే, దాన్ని విప్పి బిగించగల చేతులు ఎన్ని తయారై ఉంటాయో ఊహించుకోండి. ఈ సంగతి గుర్తుంచుకోండి, విడిభాగాల దగ్గర అక్కరకొస్తుంది.

ఇక మచ్చలు. లయన్స్ పైసా పైసా లెక్కచూసే మనిషి. రెట్టింపు ధర పలికే కార్లతో పోటీపడేదాన్ని సగం ధరకు ఇవ్వాలంటే ఎక్కడో కోత పడాలి. అది కంటికి కనిపించని చోట పడింది. తలుపుల కింద ఉండే సిల్స్ లోపలి నుంచి తుప్పు పడతాయి. ముందు ఫ్రేము గొట్టాలూ అంతే, బయట రంగు మెరుస్తూ ఉండగానే లోపల తినేస్తుంది. చల్లబరిచే ఏర్పాటు ఇంగ్లండ్ వాతావరణానికి సరిపోయేంతే. ఆగస్టులో డాలస్ ట్రాఫిక్‌లో ఇంజన్ వేడి చూపే సూది ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి బయటికి తీయాలి. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాకుండా మధ్యలో, చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌కు ఆనుకొని ఉంటాయి కాబట్టి, వాటిని మార్చాలంటే వెనక సస్పెన్షన్ మొత్తాన్ని కిందికి దించడమే దారి.

అయినా మీరు చూసిన 66 మోడల్ తెలివైన ఎంపికే. 3.8 లీటర్ల తొలి కార్లలో మొదటి గేరుకు సింక్రో, అంటే గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. మిగతా గేర్లు కూడా నిదానంగా, బతిమాలి వేయాల్సిందే. సీట్లు పొడవైనవాళ్లకు నరకం. 1964 అక్టోబరులో 4.2 వచ్చినప్పుడు గేర్‌బాక్స్ కొత్తది వచ్చింది, సీట్లు, బ్రేకులు మెరుగయ్యాయి. హెడ్‌లైట్ల మీద గాజు మూతలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి 1967లో అమెరికా నిబంధనల దెబ్బకు పోయాయి, ఆ తర్వాత ముక్కు అందం కొంచెం తగ్గింది. 64 చివరి నుంచి 67 వరకు వచ్చినవి నడపడానికి, చూడటానికి రెండింటికీ మంచివి. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: 1966లోనే 2+2 అని తొమ్మిది అంగుళాలు పొడవైన కూపే కూడా మొదలైంది. పిల్లలు వెనక కూర్చుంటారు కదా అని అమ్మకందారు ఊరిస్తే పడిపోకండి. ఆ వెనక సీటు నేటి పిల్లల సీట్లకు, బెల్టులకు పనికొచ్చేది కాదు. దాని కప్పు కూడా ఎత్తు పెరిగి రూపం చెడింది. మార్కెట్లో ధర కూడా తక్కువే.

ఇప్పుడు జపాన్‌కు వద్దాం. మన తరంలో చాలామంది హోండా పేరు మొదట విన్నది 1985లో వచ్చిన హీరో హోండా సీడీ100తో. పెట్రోలు నింపు, మూత పెట్టు, మరిచిపో అన్న దాని ప్రకటన గుర్తుందా? ఎన్‌ఎస్‌ఎక్స్ వెనక ఉన్న ఆలోచన కూడా అంతకంటే భిన్నమైనదేమీ కాదు. 1984లో ఈ ప్రయత్నం మొదలైనప్పుడు హోండా ఎదుట పెట్టుకున్న కారు ఫెరారీ 328. దానికి దీటుగా పరిగెత్తాలి, కానీ ఉదయం తాళం తిప్పితే సివిక్ లాగా స్టార్ట్ కావాలి, ముందు, పక్కలు బాగా కనబడాలి, నడుము నొప్పి పుట్టకూడదు. మెకానిక్‌ను పిలవాల్సి రావడం అంటే ఇంజనీరు ఓడిపోయినట్టే అని వాళ్ల లెక్క. బ్రిటిష్ కారు యజమాని చేయి పడుతుందని ముందే అనుకొని కట్టినది. ఇది ఆ చేయి అవసరమే రాకూడదని కట్టినది.

షిగెరు ఉఎహారా ఆ బృందానికి పెద్ద. ప్రపంచంలో పూర్తిగా అల్యూమినియం మోనోకాక్ బాడీతో (విడిగా ఫ్రేము లేకుండా బాడీయే బరువు మోసే రకం) ఉత్పత్తికి వచ్చిన మొదటి కారు ఇదే. ఉక్కుతో పోలిస్తే ఒక్క బాడీలోనే సుమారు 140 కిలోలు తగ్గాయని హోండా చెప్పింది. ఇంజన్ సీట్ల వెనక అడ్డంగా కూర్చుంటుంది: వీ ఆకారంలో ఆరు సిలిండర్లు, 2,977 సీసీ, వేగాన్ని బట్టి వాల్వుల తీరు మార్చే వీటెక్, పిస్టన్లను పట్టి ఉండే టైటానియం కనెక్టింగ్ రాడ్లు. టైటానియం రాడ్లను మామూలు ఉత్పత్తి కారులో పెట్టడం అదే మొదలు. తొచిగి ప్రాంతంలోని తకనెజావాలో దీని కోసమే ఒక చిన్న ఫ్యాక్టరీ కట్టి, కనీసం పదేళ్ల అనుభవం ఉన్న సుమారు 200 మందిని ఏరి అక్కడ పెట్టారు. కూర్చునే చోటు ముందుకు జరిపి, చుట్టూ అద్దాలతో కనబడేలా చేయడానికి ఎఫ్-16 యుద్ధ విమానం కాక్‌పిట్‌ను చూసి నేర్చుకున్నామని వాళ్లే చెప్పుకున్నారు. నిజంగానే ఆ సీట్లో కూర్చుంటే ముందు రోడ్డు కాళ్ల దగ్గరి నుంచి కనబడుతుంది. ఈ-టైప్‌లో ఎదురుగా కనబడేది బానెటే, రోడ్డు దాని అవతల ఎక్కడో ఉంటుంది.

ఫార్ములా వన్ రేసర్ అయిర్టన్ సెన్నా పేరు ఈ కారుకు ఎలా అంటుకుందో మీకు తెలిసే ఉంటుంది. సుజుకా ట్రాక్ మీద లోఫర్లు, తెల్ల సాక్సులు వేసుకొని నడిపిన వీడియో చూడనివాళ్లు లేరు. కారును ఆయనే తయారుచేసినట్టు రాసేవాళ్లను నమ్మకండి. జరిగింది ఇది: 1989లో మెక్‌లారెన్-హోండా పరీక్షలకు వచ్చినప్పుడు ప్రయోగపు కారును నడిపి, ఇది కొంచెం పెళుసుగా ఉంది అన్నారు. హోండా ఇంజనీర్లు జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ దగ్గర మకాం వేసి, బాడీ దృఢత్వాన్ని సుమారు సగం మేరకు పెంచుకొచ్చారు. ఆ మాట సెన్నాదే, ఆ కష్టం మాత్రం ఉఎహారా మనుషులది. నా దృష్టిలో సెన్నా కంటే బరువైన సాక్షి కార్ల డిజైనర్ గోర్డన్ మర్రే. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారు గీస్తున్నప్పుడు ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపి, అప్పటిదాకా కొలమానాలుగా పెట్టుకున్న కార్లన్నీ పక్కన పెట్టేశానని ఆయనే చెప్పారు. తానూ ఒకటి కొనుక్కొని ఏళ్ల తరబడి వాడారు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. డ్యాష్‌బోర్డు చూస్తే ఇంట్లో వాడే అకార్డ్ గుర్తొస్తుంది. రూపం శుభ్రంగా ఉంటుంది, గుండె జారదు. వెనక భాగం కొంచెం పొడుగెక్కువ అని నాకు మొదటినుంచీ అనిపిస్తుంది. అమెరికాలో మొదటి ఏడాది సుమారు 60,000 డాలర్లు పెట్టి జనం ఎగబడి కొన్నారు. తర్వాత తర్వాత హోండా బ్యాడ్జికి అంత డబ్బా అన్నారు. 2005లో ఆపేసే నాటికి ఇక్కడ ఏడాదికి రెండు మూడు వందలు అమ్ముడవడమే గగనమైంది. మొత్తం ఉత్పత్తి ప్రపంచమంతా కలిపి 19,000 లోపే. ఈ-టైప్ మూడు సిరీస్‌లూ కలిపితే 72,000 దాటింది.

నడకలో తేడా అడిగారు. కాగితం మీద రెండూ ఒకటే: ఈ-టైప్ 265 హార్స్‌పవర్, ఎన్‌ఎస్‌ఎక్స్ 270. నమ్మకండి. 1960ల్లో ఇంజన్‌ను ఫ్యాను, సైలెన్సర్ లాంటి భారాలేమీ లేకుండా బెంచి మీద పెట్టి కొలిచిన గ్రాస్ లెక్క అది. కారులో కూర్చోబెట్టాక ఆ సంఖ్య బాగా తగ్గుతుంది. హోండా లెక్క నెట్, అంటే ఆ భారాలతో కలిపి కొలిచింది. అయితే టార్క్‌లో, అంటే ఇంజన్ లాగే బలంలో, జాగ్వార్‌దే పైచేయి: 283 పౌండ్-అడుగులు, అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గరే. ఎన్‌ఎస్‌ఎక్స్‌ది 210. అందుకే ఈ-టైప్‌లో గేరు మార్చే అవసరం తక్కువ. టాప్‌లో పెట్టి పెడల్ మీద కాలు ఆనిస్తే, కింద ఎక్కడో గుర్రుమంటూ లాక్కుపోతుంది. ఎన్‌ఎస్‌ఎక్స్‌లో అసలు పాట 5,800 దాటాకే మొదలవుతుంది. అక్కడ వీటెక్ రెండో కామ్‌కు మారుతుంది, అక్కడి నుంచి 8,000 వరకు ఆ గొంతు ఎక్కుతూ పోతుంది. టెక్సస్ హైవే మీద రెండో గేరులోనే చలానా వచ్చే వేగం దాటేస్తారు కాబట్టి ఆ పాట పూర్తిగా వినాలంటే ట్రాక్‌కు వెళ్లాల్సిందే.

రెండింటిలోనూ పవర్ స్టీరింగ్ లేదు, రెండింటిదీ రాక్ అండ్ పినియనే, అంటే పళ్ల చక్రం పళ్ల కడ్డీని జరిపి చక్రాలు తిప్పే రకం. పార్కింగ్‌లో భుజాలు పని చేస్తాయి. వేగం అందుకున్నాక రోడ్డు మీది ప్రతి గరుకూ అరచేతిలోకి వస్తుంది. పవర్ సాయం లేని ఈ తరహా స్టీరింగ్ ఈనాటి కార్లలో మీకు దాదాపు దొరకదు. తేడా బ్రేకుల్లో ఉంది. ఎన్‌ఎస్‌ఎక్స్‌ను ఈనాటి ట్రాఫిక్ మధ్య నిశ్చింతగా ఆపవచ్చు. ఈ-టైప్‌లో ముందున్న ట్రక్కు బ్రేకు లైటు వెలగక ముందే మీ కాలు లేచి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. మీరు రాసినదాన్ని బట్టి ఎన్‌ఎస్‌ఎక్స్ చెడిపోదు, ఈ-టైప్ ఎప్పుడూ చెడుతుంది, కాబట్టి మొదటిది తేలిక అనుకుంటున్నారు. రేపటి వరకు అది నిజం. ఇరవై ఏళ్ల తర్వాత లెక్క తిరగబడుతుంది.

ఈ-టైప్‌కు ఈరోజు దొరకని వస్తువు దాదాపు లేదు. ఇంగ్లండులో, అమెరికాలో ఎన్నో చిన్న కంపెనీలు దీని విడిభాగాలతోనే బతుకుతున్నాయి: సిల్స్, నేల రేకులు, ముందు ఫ్రేములు, ఏకంగా బానెట్లు, రబ్బరు ముక్కల దగ్గరి నుంచి మీటర్ల దాకా. జాగ్వార్ క్లాసిక్ విభాగమే 3.8 ఇంజన్ బ్లాకును మళ్లీ పోత పోయించి అమ్మకానికి పెట్టింది. 2008 నుంచి జాగ్వార్ టాటాల చేతిలో ఉందని, అంటే ఆ కొవెంట్రీ వారసత్వానికి ఇప్పుడు యజమాని మన దేశపు కంపెనీయేనని నా స్నేహితులకు గుర్తుచేయడం నాకు సరదా. కార్బురేటర్లు మూడు, ఎస్‌యూవే. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినవాడికి వాటి గుట్టు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ కారులో కంప్యూటర్ లేదు, చిప్పు లేదు. లోహం, రబ్బరు, తీగలు. లేత్ మిషను, ఓపిక ఉన్నచోట ఇది చావదు.

ఎన్‌ఎస్‌ఎక్స్ కట్టినవాళ్లు చేయి పడకూడదనుకున్నారు కదా, ఆ కోరికే వయసు మీరాక అడ్డొస్తుంది. బాడీకి దెబ్బ తగిలితే వీధి చివర డెంటింగ్ షాపులో అల్యూమినియం సరిచేయలేరు. ఆ పని తెలిసిన షాపులు తక్కువ, కూలీ ఎక్కువ. ఏసీ కంట్రోల్ బోర్డులో కెపాసిటర్లు కారిపోయి బోర్డును తినేస్తాయి. స్పీకర్ల యాంప్లిఫయర్లకూ అదే జబ్బు. వీటిని విప్పి కొత్త కెపాసిటర్లు అతికించి ఇచ్చేవాళ్లు ఇప్పుడున్నారు. వాళ్లు దుకాణం కట్టేశాక ఎవరు చేస్తారో చూడాలి. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పాత యూనిట్‌దీ అదే కథ. ఉన్న కార్లే కొన్ని వేలు కాబట్టి, బయటి కంపెనీలు ప్రతి ముక్కకూ అచ్చు తయారుచేసి అమ్మేంత గిరాకీ లేదు. జపాన్‌లో హోండా 1993 నుంచే పాత ఎన్‌ఎస్‌ఎక్స్‌లను ఫ్యాక్టరీలో తీసుకొని కొత్తగా చేసిచ్చే రిఫ్రెష్ పథకం నడిపింది. అది అక్కడివాళ్ల అదృష్టం. డాలస్ నుంచి మీరు ఆ వరసలో నిలబడలేరు.

ఇంత చెప్పి కూడా ఎన్‌ఎస్‌ఎక్సే కొనమంటున్నాను. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పిల్లలు చిన్నవాళ్లు, శనివారం పొద్దున దొరికే రెండు గంటలే మీవి. ఆ రెండు గంటలూ నడపాలనుకుంటున్నారా, కారు కింద పడుకోవాలనుకుంటున్నారా? ఇప్పుడు మీకు కావాల్సింది నడపడం అని నాకు అనిపిస్తోంది. స్పానర్ పట్టడం నేర్చుకునేదాకా ఈ-టైప్‌కు ప్రతి చిన్న పనికీ ఇంకొకరికి గంటల లెక్కన డబ్బు కట్టాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. పూర్తిగా విప్పి బాగుచేయించాలంటే లక్ష డాలర్లు దాటడం మామూలే, ఆ డబ్బు అమ్మేటప్పుడు వెనక్కి రాదు. పిల్లలు కాలేజీకి వెళ్లాక, చేతిలో సమయం ఉన్నప్పుడు ఈ-టైప్ కొనండి. విడిభాగాలు అప్పటికీ ఉంటాయి. మంచి ఎన్‌ఎస్‌ఎక్స్‌లు అప్పటికి ఇన్ని ఉండవు.

ధర పెరుగుతుందా అని కూడా అడిగారు. దాని జోలికి నేను పోను. ఒక్క గమనింపు: అరవైల కార్లను కుర్రతనంలో గోడ మీద పోస్టరుగా చూసినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు, తొంభైల కార్లను వీడియో గేముల్లో నడిపినవాళ్ల చేతిలో ఇప్పుడు డబ్బుంది. ధరలు ఎటు కదులుతున్నాయో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. 91 మాన్యువల్‌కు తరుగు భయం తక్కువ. ఆటోమేటిక్ అయితే 252 హార్స్‌పవరే, అమ్మేటప్పుడూ బేరం పలచగా ఉంటుంది. 1997 తర్వాతి 3.2 లీటర్ల, ఆరు గేర్ల కార్లు ఇంకా ఖరీదు, వాటి జోలికి మీ బడ్జెట్‌లో వెళ్లలేరు.

ఇక ఆ ఎన్‌ఎస్‌ఎక్స్‌ను ఎలా చూడాలో చెబుతాను. మొట్టమొదట గేర్‌బాక్స్ నంబరు. 91, 92 కార్లలో ఒక వరస గేర్‌బాక్సులకు కేసింగ్ లోపల స్నాప్ రింగ్ (భాగాలు జరగకుండా పట్టే వలయం) కూర్చునే గాడిని కొలత తప్పి కోశారు. ఆ రింగ్ విరిగితే కేసింగ్ పగిలి గేర్‌బాక్స్ మొత్తం పోతుంది. నంబరు కేసింగ్ మీదే ఉంటుంది. ఫొటో తీసి పంపమనండి, ఆ వరసలో ఉందో లేదో ఎన్‌ఎస్‌ఎక్స్ యజమానుల సంఘాల్లో ఎవరైనా నిమిషంలో చెబుతారు. ఉంటే, ఇదివరకే బాగుచేయించిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించాల్సిందే.

రెండోది టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే రబ్బరు పట్టీ. మైళ్లు తక్కువ తిరిగింది కాబట్టి మార్చలేదు అనే మాట తరచూ వింటారు. రబ్బరుకు మైళ్లతో పని లేదు, వయసు చాలు. ఆరేడేళ్లు దాటితే మార్చాలి, వాటర్ పంపుతో సహా. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఆ తర్వాత ఇంజన్ బాగుచేయడానికి చెప్పే ఖర్చు చూస్తే నిద్ర పట్టదు. కూలెంట్ పైపులు పాతవైతే వాటినీ అప్పుడే మార్పించండి. ఇంజన్ వెనక, రేడియేటర్ ముందు, కాబట్టి పైపులు కారు పొడవునా పాకి ఉంటాయి.

మూడోది బాడీ. రంగు మందం కొలిచే మీటరు తీసుకెళ్లండి, కానీ అల్యూమినియం మీద పనిచేసేదే తీసుకెళ్లండి. ఉక్కు కోసం చేసిన అయస్కాంతపు రకం ఇక్కడ ఏమీ చెప్పదు. తలుపులు, ఫెండర్లు, బానెట్ మీద కారు ఛాసిస్ నంబరున్న చిన్న స్టిక్కర్లు ఉన్నాయేమో చూడండి. లేని ముక్కను ఎప్పుడో మార్చి ఉంటారు. వెనక టైర్లు లోపలి అంచున ఎక్కువ అరిగి ఉంటే కంగారు పడకండి, తొలి కార్ల అలైన్‌మెంట్ కొలతలే అలాంటివి, వెనక టైర్లను తినేస్తాయి. 91లో ముందు చక్రాలు 15 అంగుళాలు, వెనకవి 16. ఆ కొలతల్లో మంచి టైర్లు ఇప్పుడు వెతుక్కోవాలి, కాబట్టి చాలామంది పెద్ద చక్రాలు వేసేస్తారు. అలా వేసినా సరే, అసలు చక్రాలు కారుతో పాటు ఇస్తున్నారో లేదో అడగండి.

నా మాట వినకుండా ఈ-టైప్ వైపే మనసు పోతే, అది నాకు అర్థమవుతుంది. అప్పుడైనా ఇంకొకరు డబ్బు పోసి బాగుచేయించినదే కొనండి, బాగుచేయాల్సినది కొనకండి. జాక్ పెట్టి ఒక పక్క ఎత్తి తలుపు తెరిచి మూయండి. పట్టేసినట్టుంటే సిల్స్ పోయాయి. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకుల మీద నడపండి, అంటుకోని చోట కింద పుట్టీ ఉంది. ఇంజన్, సిలిండర్ హెడ్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు రాసుకొని, ఇంగ్లండులోని జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ నుంచి వచ్చిన సర్టిఫికెట్‌తో సరిపోల్చండి. సరిపోతే ఒక ధర, సరిపోకపోతే వేరే ధర. కేవలం నడుపుకోవడానికైతే రెండోదే మీకు లాభం.

ఎన్‌ఎస్‌ఎక్స్ బేరం కుదిరితే బీమా మాత్రం పాత కార్లకు ఇచ్చే రకం, విలువను ముందుగా ఒప్పుకొని పాలసీలో రాసుకునే రకం తీసుకోండి. మామూలు పాలసీ కింద ఏదైనా జరిగితే, లెక్క కట్టడానికి వచ్చేవాడి కంప్యూటర్‌లో అది ముప్ఫై ఏళ్లు దాటిన ఒక పాత అక్యూరా మాత్రమే.